ఇరవై ఏడో ఆట

"నాకు ఆటలు రావు సార్," అంది ఆమె. మానిటర్లు తుడిచే మెత్తగుడ్డ ఇంకా చేతిలోనే ఉంది.

"రాకపోవడమే కావాలి," అన్నాడు పెద్దసారు. "వచ్చినవాళ్ళం ముగ్గురం ఉన్నాంగా, చాలు."

కంప్యూటర్లు నేర్పే ఆ కేంద్రం రెండో అంతస్తులో ఉంది. కింద అచ్చు షాపు. అక్కడ యంత్రం తిరిగినంతసేపూ ఇక్కడ కౌంటరు మీద పెన్నుల డబ్బా సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఆ డబ్బా వెనకాల కుర్చీ ఆమెది. ఫారాలు ఇవ్వడం, ఫోన్లెత్తడం, ఒక బ్యాచి వెళ్ళి ఇంకో బ్యాచి వచ్చేలోపు పన్నెండు మానిటర్లూ తుడవడం ఆమె పని. పెద్దసారు ఏటా ఒక పోటీ పెడతాడు. అంతకుముందు ఎప్పుడూ చెయ్యనివాళ్ళు పది రోజుల్లో ఒక్కరే కూర్చుని ఒక చిన్న కంప్యూటర్ ఆట తయారుచేసి పంపాలి. ఈసారి నలభై వచ్చాయి. పేర్లున్న కవర్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. జడ్జీలకి కనబడేవి నంబర్లే.

"పోయినేడు జనం ఏమన్నారో తెలుసా? జడ్జీలకి నచ్చింది జడ్జీలకే నచ్చింది అన్నారు," అన్నాడు పెద్దసారు. "అందుకే ఈసారి గోడ మీద రెండు పట్టికలు. ఒకటి మా మార్కులది. రెండోది నీది. మనసుకి నచ్చిన మూడు. మార్కులూ గీర్కులూ వద్దు. ఈ కార్డు మీద మూడు నంబర్లు రాయి, ఒక్కోదాని కింద ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం. శుక్రవారం అయిదింటికి జనం వస్తారు."

"నాకు నచ్చితే ఎవరిక్కావాలి సార్?"

"అదే చూద్దామని."

ఆమె మనసంతా ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయింది. పదో తరగతి సగంలో బడి మానేసిన చెయ్యి. పేర్లూ ఫోన్ నంబర్లూ తప్ప, వాక్యమంటూ రాసి ఎన్నేళ్ళయిందో. గోడ మీద అతికిస్తే వచ్చినవాళ్ళంతా చదువుతారు. ఎక్కడో ఒక ఒత్తు జారిపోతుంది. అది ఒక్కటే కనిపిస్తుంది అందరికీ.

కౌంటరు కింద చాప మీద మూడేళ్ళ కూతురు రంగుపెన్సిళ్ళు వరసగా పేరుస్తోంది. ఎప్పుడూ పిల్లను చూసుకునే అత్తగారు ఈ వారం ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. అందుకని పెద్దసారుని అడిగి వెంట తెచ్చుకుంటోంది. తిండి పిట్టంత, అరుపు మాత్రం వీధంత అని తండ్రి ఆ పిల్లకి 'పిట్ట' అని పేరు పెట్టాడు. పిట్ట నోట్లో ఏదైనా మూత గానీ ముక్క గానీ ఉందేమోనని గంటకి నాలుగుసార్లు వంగి చూస్తుంది ఆమె. లేదని తెలిశాక ఇంకోసారి చూస్తుంది. ఇంటి తాళం కూడా అంతే. మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, లాగి చూస్తే గానీ బస్సెక్కలేదు. చిత్తుకాగితాలు చించేముందు కూడా ప్రతిదీ తిప్పి చూస్తుంది, పనికొచ్చేది పోతుందేమోనని.

"నీ చేతిలో పడితే చెత్తకి కూడా మోక్షం లేదమ్మా," అంటుంటాడు చిన్నసారు. పాఠాలు చెప్పేది అతనే. జడ్జీల్లో రెండోవాడు. మూడో ఆవిడ బొమ్మలు గీయడం నేర్పే మేడం.

సోమవారం, మంగళవారం ఆమె మూల కంప్యూటరు ముందు కూర్చుని ఆడింది. ఫోన్ మోగితే లేచి వెళ్ళేది, వచ్చి మళ్ళీ మొదటినుంచి ఆడేది. మొదట్లో బాణం గుర్తు ఉన్న బటన్లు ఎక్కడున్నాయో ప్రతిసారీ వంగి చూసుకోవలసి వచ్చింది. దూకేవి చాలా వచ్చాయి. బంతి దూకుతుంది, కప్ప దూకుతుంది, ఒక దాంట్లో టోపీ దూకుతుంది. గుంటలో పడితే అన్నీ ఒకేలా చస్తాయి. పాత నోటుపుస్తకంలో నంబరు పక్కన ఏదో ఒకటి రాసుకుంది. ఆరు: మళ్ళీ బంతి. తొమ్మిది: తొందర ఎక్కువ. పదమూడు: బస్సులో ఎవరికి సీటివ్వాలో మనమే చెప్పాలి, ముసలాయనకి ఇస్తే కడుపుతో ఉన్నావిడ నిలబడాలి, ఇద్దరికీ ఇవ్వలేం. పదమూడు చుట్టూ గుండ్రంగా గీత గీసింది. ముప్ఫై రెండులో కళ్ళజోడు పోయిన తాతకి అది వెతికి పెట్టాలి, తెరంతా మసగ్గా ఉంటుంది. దాని చుట్టూ కూడా గీత పడింది.

పిట్టకి ఒకటే కొలత. "పిల్లి ఉందా?"

"లేదమ్మా."

"అయితే వద్దు."

మూడోది ఏదో తేలలేదు. ఇరవై ఒకటా, ముప్ఫై ఎనిమిదా? రెండూ బాగానే ఉన్నాయి. బాగానే ఉండడానికీ మనసుకి నచ్చడానికీ ఇంత దూరం ఉంటుందని ఆమెకి అంతవరకూ తెలియదు. బట్టల షాపులో అయితే ఇంట్లో ఎవరో ఒకరు ఇది బాగుందంటారు, తను తలాడిస్తుంది. ఇక్కడ ఎవరూ అనరు.

బుధవారం పొద్దున చిన్నసారు నాలుగు నంబర్లున్న చీటీ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. ఆరోజుకి జడ్జీలు నలభై ఆటలూ చూడడం అయిపోయింది. వాళ్ళకో పద్ధతి ఉంది, అతనే అచ్చు వేయించాడు. ఒక్కో ఆటకి పది నిమిషాలు. ముందు బాణాల బటన్లు, తర్వాత పొడుగుబటన్, తర్వాత ఎంటర్, తర్వాత మౌస్ రెండువైపులా. ఏది నొక్కినా మొదటి బొమ్మ దాటి ముందుకి పోకపోతే 'నడవలేదు'. ముగ్గురూ అదే మాట రాస్తే ఆట తీసివేత.

"ఈ నాలుగూ అన్ని కంప్యూటర్లలోంచీ తీసెయ్. శుక్రవారం ఎవరైనా ఇవి తెరిస్తే పరువు పోతుంది."

వరసగా ఆడలేదు కాబట్టి ఈ నాలుగూ ఆమె ఇంకా చూడలేదు. తీసెయ్యమన్నవి కదా, తీసెయ్యొచ్చు. కానీ చెయ్యి వెళ్ళలేదు. ఒకసారి తెరిచి చూసి తీసేద్దామనుకుంది. మొదటిది నల్లగా తెరుచుకుని నల్లగానే ఉండిపోయింది. రెండోది తెరవగానే మూసుకుంది. మూడోది ఇరవై ఏడు.

ఆటకి పేరు లేదు. పేరుండాల్సిన చోట ఒక చిన్న అడ్డగీత. తర్వాత ఒక గది. ఎవరో కుర్చీలో కూర్చున్నారు, మొహం కనిపించదు, భుజమూ చెయ్యీ కనిపిస్తాయి. భుజం మీద ఒక పసిబిడ్డ తల. కిటికీకి పల్చటి కర్టెను. బల్ల మీద కప్పు, దాంట్లోంచి ఆవిరి. సూచనలు లేవు. ఆమె బాణం నొక్కింది. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. బొమ్మ మొదటికి వచ్చింది. పొడుగుబటన్ నొక్కింది. ఏడుపు. మౌస్ కదిపింది. ఏడుపు.

"పాపాయి ఏడుస్తోంది," అంది పిట్ట, చాప మీదనుంచి లేచి వచ్చి. కళ్ళు నలుపుకుంటోంది. పదకొండయింది, దాని నిద్ర వేళ. ఒళ్ళోకి పాకి, మెడ కింద తల దూర్చి, ఎడమ చేతి వేళ్ళు తల్లి జాకెట్టు అంచులో బిగించింది. ఆమె ఒక చేతిని పిల్ల వీపు కిందా, ఒక చేతిని మోకాళ్ళ కిందా వేసి పట్టుకుంది. ఈ కంప్యూటరు కట్టేద్దామన్నా ఇంక చెయ్యి లేదు. కట్టేస్తే టక్కుమని చప్పుడు. సరే, పడుకున్నాక చూద్దాంలే అని అలాగే కూర్చుంది.

కాసేపటికి తెర మీద ఆవిరి పల్చబడింది.

తన కళ్ళ భ్రమ అనుకుంది. కిటికీ నీడ నేల మీద జానెడు జరిగింది. స్పీకర్లోంచి బిడ్డ ఊపిరి వినిపిస్తోంది, ముందు పొట్టిగా, తర్వాత పొడుగ్గా. బిగించిన పిడికిలి ఒక వేలు, ఇంకో వేలు విడింది. ఒళ్ళో పిట్ట వేళ్ళు కూడా అప్పుడే జాకెట్టు వదిలాయి. అయినా ఆమె కదల్లేదు. పిల్లలు మొదట దొంగనిద్ర పోతారు. అప్పుడు లేస్తే అంతా మొదటికే. ఆటలో కూర్చున్న మనిషికి కూడా ఆ సంగతి తెలిసినట్టుంది, లేవలేదు. కింద అచ్చుయంత్రం ఆగింది. పెన్నుల డబ్బా వణుకు ఆగింది. ఇంకొంతసేపటికి తెర మీద మనిషి మెల్లిగా లేచి, బిడ్డని పడుకోబెట్టి, తల కింద ఇరుక్కున్న చేతిని ఒక్కొక్క అంగుళమే లాక్కుని, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అప్పుడు వెళ్ళి కప్పు అందుకున్నాడు. చల్లారిపోయిన టీ. అదే తాగాడు. ఆట అయిపోయింది.

మళ్ళీ వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడం. అది ఆమె రోజూ చేసే పని. ఇంట్లో ఎవరూ చూడకుండా చేస్తుంది, చూస్తే నవ్వుతారని.

భుజం తిమ్మిరెక్కింది. పిట్టని చాప మీద పడుకోబెట్టి వచ్చి, నోటుపుస్తకంలో ఇరవై ఏడు అని రాసి, పక్కన ఏం రాయాలో తెలియక, గీత మాత్రం గీసింది. రెండుసార్లు గీసింది.

"ఏమీ చెయ్యకపోతే గెలిచే ఆటా?" చిన్నసారు పగలబడి నవ్వాడు. "అయితే మా బావమరిది ప్రపంచ ఛాంపియన్!"

మధ్యాహ్నం టీ వేళ. మేడం కూడా నవ్వింది, కానీ "నిజంగా నడిచిందా?" అని అడిగింది.

"నడిచింది మేడం. ముట్టుకోకూడదు, అంతే."

"ముట్టుకోకుండా ఆడేదాన్ని ఆటంటారా?" అన్నాడు చిన్నసారు. "నేను పది నిమిషాలు అన్ని బటన్లూ నొక్కాను. పెద్దసారు నొక్కారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, నీకొక్కదానికే నడిచిందా?"

పెద్దసారు నవ్వలేదు. చెయ్యి చాపి ఆమె కార్డు అడిగి తీసుకున్నాడు. పదమూడు, ముప్ఫై రెండు, ఇరవై ఏడు. వాక్యాలు ఇంకా రాయలేదు.

"తీసేసినవి తీసేసినట్టే. మిగిలినవి ముప్ఫై ఆరున్నాయి, వాటిలోంచి ఒకటి రాయి." సొరుగులోంచి ఇంకో తెల్లకార్డు తీసి ఇచ్చాడు. "నీ మనసే కదా. ఇంకోటి నచ్చించుకో."

ఆ మాట కఠినంగా అనలేదు. కుర్చీ ఇటు జరుపు అన్నట్టు అన్నాడు. ఆమె సరే సార్ అంది. ఆ సరే అన్నందుకు సాయంత్రం బస్సులో తనమీద తనకే చిరాకేసింది.

గురువారం అంతా కార్డు తెల్లగానే ఉంది. ఇరవై ఒకటి ఇంకోసారి ఆడింది, ముప్ఫై ఎనిమిది ఇంకోసారి ఆడింది. నచ్చించుకోవాలని చూసింది. ఇష్టంలేని సంబంధానికి అబ్బాయి ముక్కు బాగుందనుకున్నట్టు ఉంది. మూల కంప్యూటర్లో ఇరవై ఏడు తీసెయ్యకుండా అలాగే ఉంచింది. మిగతా పదకొండింట్లో తీసేసింది. ఎవరైనా చూస్తారేమోనని రోజంతా ఆ మూలకే కళ్ళు.

ఆ సాయంత్రం భర్త చేతులకి గ్రీజు వదిలించుకుంటూ అంతా విన్నాడు. అతను లిఫ్టులు బాగుచేసే మనిషి.

"వాళ్ళ సంస్థ, వాళ్ళ పోటీ. అయినా ఎవరు చేశారో కూడా తెలియదంటివి. నీకెందుకే ఆ తలనొప్పి?"

"నన్నే కదా నచ్చినవి చెప్పమన్నారు."

"చెప్పమంటారు. అన్నీ చెబుతామా? మీ అమ్మ వంట ఎలా ఉందల్లుడూ అంటే నేను చెప్పానా?"

"చెప్పాల్సింది. ఉప్పు తగ్గించేది."

అతను నవ్వి, వేళ్ళ సందులు రుద్దుకున్నాడు. "మా దగ్గరా అంతేలే. లిఫ్ట్ కదలట్లేదని ఫోన్. పరిగెత్తుకెళ్తే ఏముంటుంది? తలుపు మూసుకోబోతుంటే ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెడుతుంటారు. అది తెరుచుకుంటుంది. మళ్ళీ మూసుకుంటుంది, మళ్ళీ చెయ్యి. సగం కంప్లయింట్లు అవే."

"మరి నువ్వేం చేస్తావు?"

"చెయ్యి తియ్యండి అంటే కోపం, మాకు తెలియదా అంటారు. అందుకని నా టూల్స్ సంచి ఇచ్చి, ఒక్క నిమిషం పట్టుకోండి సార్ అంటాను. రెండు చేతులతో పట్టుకోవాలి దాన్ని. తలుపు దానంతటదే మూసుకుంటుంది."

పిట్ట తలుపు చాటునుంచి "నాకు సంచీ" అంది.

శుక్రవారం మూడింటికి కింది షాపులో అచ్చు పని చేసే ఆయన మెట్లెక్కి వచ్చాడు. జడ్జీల పట్టిక పొద్దున్నే ఇచ్చేశారు. రెండోది కావాలి.

"ఏమ్మా, మూడో నంబరు చెబితే వేసేస్తా. నాకు ఇంకా పెళ్ళికార్డులు ఉన్నాయి."

"పావుగంట ఆగండి బాబాయ్."

"పావుగంటా? నిన్నటినుంచీ పావుగంటే," అని ఆయన బెంచీ మీద కూర్చున్నాడు.

పిట్ట నిద్రపోయి అప్పటికి అరగంట. ఈరోజు పదకొండింటికి పడుకోకుండా గొడవ చేసి, ఇప్పుడు ఆమె భుజం మీదే ఒరిగిపోయింది. అలాగే ఎత్తుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళింది. కార్డు బల్ల మీద పెట్టింది. పదమూడు, ముప్ఫై రెండు, ఇరవై ఏడు.

పెద్దసారు కార్డు చూసి, ఆమెని చూసి, కళ్ళద్దాలు తీశాడు. "చెప్పాను కదమ్మా."

"చెప్పారు సార్. ఒక్కసారి చూడండి. నడవకపోతే మీరన్నదే రాస్తాను."

"అది ఇంకా తీసెయ్యలేదా నువ్వు?"

ఆమె తలతిప్పి మూలకి చూసింది. ఆయన విసుగ్గా లేచి మూల కంప్యూటరు దాకా నడిచాడు. ఎవరికైనా తప్పు చూపించాలంటే ఆయనకి ఎక్కడలేని ఓపికా వస్తుంది. కూర్చున్నాడు, తెరిచాడు. చిన్న అడ్డగీత. గది. భుజం మీద తల. ఆమె చెప్పినట్టే చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అర నిమిషమైంది. వేళ్ళు బల్ల అంచు మీద తాళం వేశాయి.

"చూశావా? ఆగిపోయింది," అంటూ మౌస్ పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. బిడ్డ ఏడ్చింది.

ఆ కేంద్రంలో అందరికీ తెలిసిన అలవాటు అది. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా, బతికుందో లేదో చూడడానికి మౌస్ ఊపుతాడు. ఇంకోసారి మొదలుపెట్టాడు. ఈసారి ముప్పావు నిమిషం ఆగాడు. చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. ఏడుపు. చిన్నసారు క్లాసులోంచి తల బయటపెట్టి, నవ్వు ఆపుకుంటూ మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

"మూడు గంటల పది. వాళ్ళు అయిదింటికి వస్తారు," అన్నాడు పెద్దసారు. "ఇంకో నంబరు రాసి కిందికి పంపు."

"అమ్మాయ్!" అని బెంచీ మీదనుంచి పిలిచాడు అచ్చు ఆయన.

ఆమె ఒక క్షణం నిలబడింది. పిట్టని ఇంతవరకూ ఆ కేంద్రంలో ఎవరి చేతికీ ఇవ్వలేదు. మేడం అడిగినా ఇవ్వలేదు. ఆడపడుచుకి ఇచ్చినా ఎదురుగానే నిలబడుతుంది. మెడ సరిగ్గా పట్టుకుంటారో లేదో, ఉన్నట్టుండి లేస్తారేమో, కుర్చీకి చక్రాలున్నాయి. ఆ చక్రాల వంక చూసింది. కాలితో కుర్చీని గోడకి ఆనేదాకా జరిపింది.

"ఒక్క నిమిషం పట్టుకోండి సార్. ఆయనకి చెప్పి వస్తాను."

ఆయన ఆఁ అనేలోపు పిట్ట ఆయన ఒళ్ళో ఉంది. ఇద్దరు పిల్లల తండ్రే, వాళ్ళు మీసాలు దువ్వుకునే వయసుకి వచ్చారు. చేతులు ఎక్కడ పెట్టాలో ఆయనకి వెంటనే గుర్తురాలేదు. ఆమే ఒక చెయ్యి పట్టుకుని పిల్ల వీపు కింద, ఇంకోటి మోకాళ్ళ కింద పెట్టింది. పిట్ట కదిలి, చొక్కా జేబులో పెన్నుకి వేళ్ళు బిగించి, మళ్ళీ పడుకుంది. వెళ్ళేముందు ఆమె ఆట మూసి మళ్ళీ తెరిచింది. ఆట మొదలైంది.

కౌంటరు దగ్గర అచ్చు ఆయనతో ఏం మాట్లాడిందో ఆమెకి గుర్తులేదు. పెళ్ళికార్డుల గురించి ఆయన ఏదో చెప్పాడు, తను తలాడించింది. చెవులు రెండూ మూలకే ఉన్నాయి. ఒక నిమిషం. రెండు. పిల్ల ఏడవలేదు. ఆ పిల్లా ఏడవలేదు, ఈ పిల్లా ఏడవలేదు. గోడగడియారం ముల్లు చూస్తూ నాలుగో నిమిషం దాకా నిలబడింది. పిట్టని అత్తగారికి కాక ఇంకొకరికి అప్పగించి, ఆమె అంతసేపు వెనక్కి తిరిగి చూడకుండా ఉండడం అదే మొదలు.

వెళ్ళేసరికి పెద్దసారు బిగుసుకుపోయి కూర్చున్నాడు. మెడ మాత్రం ముందుకి సాగి ఉంది. తెర మీద మనిషి తలుపు దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాడు.

"ఎందుకు వెనక్కొస్తున్నాడు?" గొంతు తగ్గించి అడిగాడు.

"ఊపిరి చూడ్డానికి సార్."

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"ఏం చెయ్యకూడదు."

చల్లారిన టీ తాగడం అయ్యేదాకా ఆయన కదల్లేదు. అయిపోయాక కూడా కాసేపు అలాగే ఉన్నాడు. ఆమె పిల్లని తీసుకోబోతే, "ఉండు, లేస్తుందేమో," అన్నాడు.

తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని మామూలు గొంతుతో చెప్పాడు. "మార్కుల పట్టిక అచ్చయిపోయింది. దాన్ని ఇప్పుడు మార్చలేను. ముగ్గురం తప్పు చూశామని చెప్పి కొత్తగా మార్కులు వెయ్యడం కుదరదు."

"సరే సార్."

"నీ కార్డు నీది. వాక్యం రాసి ఇవ్వు."

బెంచీ మీద అచ్చు ఆయన కాళ్ళూపుతూ చూస్తుండగా ఆమె రాసింది. పదమూడు కింద, ముప్ఫై రెండు కింద నిన్న అనుకున్నవే రాసింది. ఇరవై ఏడు దగ్గర పెన్ను ఆగింది. ఎందుకు నచ్చిందో రాయాలి. ఎందుకో చెప్పాలంటే వేలు పెట్టి ఊపిరి చూసుకోవడం గురించి రాయాలి, అది గోడ మీద పెట్టే సంగతి కాదు. ఎందుకన్నది వదిలేసి, ఇంకోటి రాసి, ప్రతి అక్షరం మీదా పెన్ను పెట్టి లెక్కపెట్టినట్టు చూసి, ఇచ్చేసింది.

అయిదింటికి మెట్ల నిండా చెప్పులు. జనం పన్నెండు కంప్యూటర్ల చుట్టూ మూగారు. మొదటి బహుమతి వచ్చిన టోపీ ఆట దగ్గర ఈలలు వేస్తున్నారు. మూల కంప్యూటర్ దగ్గర వచ్చినవాళ్ళు వచ్చినట్టే మౌస్ మీద చెయ్యి వేస్తున్నారు, బిడ్డ ఏడుస్తోంది, వెళ్ళిపోతున్నారు. పెద్దసారు చప్పట్ల మధ్యలోంచి అక్కడికి వచ్చి నిలబడ్డాడు. కాసేపటికి ఆయన గొంతు వినిపించింది. "చెయ్యి తియ్యండి. తియ్యండి బాబూ. ఇదిగో, ఈ ఫైళ్ళు రెండు చేతులతో పట్టుకుని కూర్చోండి."

ఆమె కౌంటరు వెనకాల పిట్టకి జుట్టు సవరిస్తోంది. వ్యాను తోలే ఖాకీచొక్కా మనిషి ఒకడు గోడ దగ్గర చాలాసేపటినుంచి నిలబడి ఉన్నాడు. మొదటి పట్టిక పైనుంచి కింది దాకా వేలితో చదివాడు. రెండోదాని దగ్గర వేలు ఆగిపోయింది. కౌంటరు దగ్గరికి వచ్చాడు. భుజం మీద మరక. పాలదై ఉంటుంది, ఆమెకి చూడగానే తెలిసింది.

"ఇరవై ఏడు కింద రాసింది ఎవరమ్మా?"

అనుకున్నంతా అయింది, ఒత్తు ఎక్కడో పోయింది. "నేనే అండీ. తప్పుందా?"

"లేదమ్మా," అన్నాడతను. "పది రోజులూ ఆలోచించినా దానికి పేరు దొరకలేదు. గీత పెట్టి పంపించేశాను."

అతను మళ్ళీ గోడవైపు తిరిగి, ఈసారి పైకే చదివాడు, కూడబలుక్కుంటూ.

"రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు ఆడండి."